మొక్కజొన్న కొట్లో చీకటి

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడిన మాట "తలుపు మూయ్". పొద్దున లేచింది మొదలు నేనే అరిచేదాన్ని. మా ఆయన పేరు క్రిసాంతో. అతను తోర్తియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, పట్టుకుని వచ్చినా, మూలనున్న పార కోసం వచ్చినా, ఊరికే తొంగి చూసినా నాకు ఒళ్ళు మండిపోయేది. పెరట్లో మొక్కజొన్న కంకులు పోసుకునే కొట్లో నా నల్ల డబ్బా ఉండేది. మా ఇంట్లో కిటికీ లేని గది అదొక్కటే. తలుపు సందులోంచి వేలెడు ఎండ పడినా అప్పటిదాకా పడ్డ పాటంతా వృథా అయ్యేది.

"సొంత ఇంట్లో దొంగలా రావాల్సొస్తోంది," అనేవాడు క్రిసాంతో.

"దొంగలైతే తలుపు మూస్తారు," అనేదాన్ని.

మా ఊరు అట్సింట్లా. కొండ మీది సున్నపురాయి పల్లె. ఆ ఏడు జనవరి నించి ఊళ్ళో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు విరేచనాలతో మంచం పట్టారు. ఇద్దరిని కింది పట్నం తెవాకాన్ ఆసుపత్రికి మోసుకెళ్ళి సెలైన్ ఎక్కించారు. ఊరికి నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. పైన కొండ ఊట ఒకటి, ఊరి ఆసామి దోన్ ఎలాదియో డబ్బుకి అమ్మే ట్యాంకర్లు ఒకటి. ఊటలోనే ఏదో ఉందని సగం మంది, ట్యాంకర్లోనే ఉందని సగం మంది కొట్టుకు చచ్చారు.

నేను తెవాకాన్‌లో ఒక కాలేజీ ల్యాబులో టెక్నీషియన్ని. మా డాక్టర్ వెనెగాస్ నీళ్ళు పరీక్షించే పొడి ఒకటి తయారు చేసింది. పొడి కలిపిన నీళ్ళని చిన్న చిన్న గుంటలున్న పళ్ళెంలో పోసి ఒక రోజు వెచ్చగా ఉంచాలి. పేగుల్లో ఉండే క్రిమి ఏ గుంటలో ఉంటే ఆ గుంట ఊదారంగు దీపం కింద నీలంగా వెలుగుతుంది. క్రిమి లేని గుంట చీకటిగా ఉండిపోతుంది. ఆ వెలుగుని లెక్కగట్టే యంత్రం కొందామంటే కాలేజీ పెద్దలు నవ్వి ఊరుకున్నారు.

"రొమానా, మీ నాన్న రేడియోలు బాగుచేసేవాడన్నావు కదా. ఒక డబ్బా కట్టలేవూ?" అంది డాక్టర్. "ముందు మీ ఊరి నీళ్ళే చూద్దాం."

ఏ ముహూర్తాన సరేనన్నానో గానీ, ఆ రోజు నించి నాకు మనశ్శాంతి లేదు.

క్రిసాంతో తాపీమేస్త్రీ. ఆ ఏడాది గ్రామసభ అతనికి నీళ్ళ బాధ్యత అప్పజెప్పింది. మా దగ్గర అలాంటి బాధ్యతలు అడిగి ఇవ్వరు, ఒద్దంటే ఊరుకోరు. జీతం లేదు. ఏడాది పాటు పొద్దున్నే కొండెక్కి వాల్వు తిప్పాలి, సాయంత్రం కట్టాలి, ఊట దగ్గర నాచు గీకాలి, పైపు పగిలితే తిట్లు తినాలి. ఏడాది పూర్తి చేసినవాడికి సభలో మాట్లాడే హక్కుంటుంది. మధ్యలో పోగొట్టుకున్నవాడు వెనక వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాల్సిందే. వాళ్ళ నాన్న అలాగే కూర్చున్నాడు, చనిపోయేదాకా. అందుకే క్రిసాంతో వాల్వు తాళంచెవిని మెడలో వేసుకుని తిరిగేవాడు.

అతను తన వాటా కంటే ఎక్కువే చేశాడు. ఊట మొదట్లో నీళ్ళు పోగయ్యే సిమెంటు తొట్టి భూకంపానికి పగిలి ఉంటే, లోపల కర్రపలకలు పరిచాడు. ఇనుప మేకు ఒక్కటి కొట్టకుండా, కర్రసీలలతోనే బిగించాడు. అది మేము తీపికర్ర అని పిలిచే చెట్టు చెక్క. నీళ్ళలో కుళ్ళదు. ముసలమ్మలు దాని ముక్కల్ని నానబెట్టి మూత్రపిండాలకి మంచిదని తాగుతారు.

"ఇక ఊరందరి మూత్రపిండాలూ నా చేతిలోనే ఉన్నాయి," అని ఛాతీ విరుచుకునేవాడు.

నా డబ్బా సంగతి మాత్రం కొరకరాని కొయ్యే అయింది. మొదట దీపాలు రాలేదు. కస్టమ్స్‌లో ఎక్కడో ఇరుక్కున్నాయన్నారు, ఏమని అడిగితే అదే మాట మళ్ళీ చెప్పారు. చివరికి మా ఆడపడుచు లీచా గోళ్ళరంగు దుకాణంలో పెయింటు ఆరబెట్టే దీపం కనబడింది. అదే ఊదా వెలుగు. అడిగితే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"బాగుంది వదినా! నువ్వు దీపం పట్టుకుపోతే నా పెళ్ళికూతుళ్ళ గోళ్ళు నువ్వొచ్చి నోటితో ఊది ఆరబెడతావా?"

"రెండు వారాలే లీచా."

"రెండు వారాలని మా అన్న కూడా అన్నాడు, నిన్ను చేసుకునే ముందు ఆలోచించుకోవడానికి. ఏమైందో చూశావుగా!" అంది. అని, దీపం పీకి ఇచ్చింది.

దీపం దొరికితే రంగు తిరగబడింది. డబ్బా లోపల మెరుపు లేని నల్లరంగు పూశాను. ఊదా వెలుగు కింద అది బూజు పట్టిన రొట్టెలా తెల్లగా కనబడింది. ఇంకో కంపెనీ రంగు పూశాను, అదీ అంతే. చివరికి మా పెనం అడుగున పేరుకున్న మసి గీకి, జిగురులో కలిపి పూశాను. అప్పటికి గానీ అది నిజంగా నల్లబడలేదు. ఆ తర్వాత నా జాకెట్టు వెలగడం మొదలుపెట్టింది, సబ్బుపొడితో ఉతికినందుకు. పళ్ళెం మీద అతికించిన కాగితం ముక్క వెలిగింది. గుంటల బొమ్మ తీయడానికి డబ్బా మూతకి బిగించిన కెమెరా అయితే మరీ పెంకెది. చీకటి కనబడగానే ఎవరూ చెప్పకుండానే కళ్ళు పెద్దవి చేసుకుని, లేని వెలుగు చూపించేది. దాని పొగరు అణచడానికి లోపలి మీట తీగ తెంపేశాను. దీపం వెలుగుని ఆపి నీళ్ళ వెలుగునే పోనిచ్చే గాజుబిళ్ళ కోసం తెవాకాన్‌లో ఉన్న పాత ఫోటో దుకాణాలన్నీ గాలించాను. ఇంట్లో బీన్సు మాడిపోయాయి, మొక్కజొన్న ఒలవకుండా పడి ఉంది.

"ముసలిదానా, తిన్నావా?" అని బయట నించే అడిగేవాడు క్రిసాంతో. మా ఇద్దరికీ నలభై నిండలేదు, అయినా ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం.

"తలుపు మూయ్!"

"మూసే ఉందే తల్లీ, బయట నించే అడుగుతున్నా."

ఎట్టకేలకు డబ్బా మాట విన్నది. ల్యాబులో మరగబెట్టిన శుద్ధమైన నీళ్ళు పెడితే బొమ్మ కాటుకలా నల్లగా వచ్చింది. డాక్టర్ సీసాలో పంపిన క్రిమి నీళ్ళు పెడితే అక్కడక్కడ గుంటలు నీలంగా, దిట్టంగా వెలిగాయి. నాకు ఏడుపొచ్చింది. క్రిసాంతోని లోపలికి లాగి, తలుపు మూసి చూపించాను.

"ఇదేనా?" అన్నాడు. "పండగకి అంగళ్ళకి కట్టే లైట్లు ఇంతకంటే బాగుంటాయి." అన్నాడే గానీ చాలాసేపు చూశాడు. మర్నాడు తెల్లారకుండానే ఊటకి వెళ్ళి, తొట్టి కుళాయి కింద సీసా నింపి, తడిగుడ్డలో చుట్టి, గుడిలో దీపం తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి ఇచ్చాడు.

ఆ నీళ్ళతోనే నా నెత్తిన పిడుగు పడింది. ఒక రోజు వెచ్చగా ఉంచి డబ్బాలో పెడితే అన్ని గుంటలూ వెలిగాయి. ఒకటి దిట్టంగా, ఒకటి నల్లగా కాదు. అన్నీ ఒకే తీరుగా, పల్చగా, నీలంగా. క్రిమి అలా పంచుకుని కూర్చోదు, ఒక గుంటలో ఉంటుంది, ఇంకో గుంటలో ఉండదు. అంతా సమంగా వెలిగిందంటే తప్పు డబ్బాలోనే ఉండాలి. వెలుతురెక్కడో కారుతోంది అనుకున్నాను. మూలలన్నీ మళ్ళీ మసితో పూశాను. మూత తీసి కొత్త మూత చేశాను. కొట్టు పైకప్పు పెంకుల సందుల్లో గుడ్డపీలికలు కుక్కాను. శుద్ధమైన నీళ్ళు పెడితే నలుపు. ఊట నీళ్ళు పెడితే నీలం. మళ్ళీ విప్పాను, మళ్ళీ బిగించాను, మళ్ళీ నీలం. ఆ డబ్బాని ఎత్తి లోయలో పారేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేను.

"ఏమంటోంది నీ డబ్బా?" అనేవాడు క్రిసాంతో ప్రతి పొద్దునా, కొత్త సీసా అందిస్తూ.

"దానికి మతి పోయింది."

"మతి పోయినదాన్ని పట్టుకుని నా నీళ్ళెలా ఉన్నాయని ఎందుకడుగుతావు?"

"నువ్వు పోయి నీ నాచు గీక్కో. తలుపు మూసి మరీ వెళ్ళు."

ఏప్రిల్ మధ్యలో డాక్టర్ వెనెగాస్ స్వయంగా వచ్చింది. కంకుల కుప్ప మీద కూర్చుని బొమ్మలన్నీ చూసింది. ట్యాంకరు నీళ్ళ బొమ్మ కూడా చూసింది. అందులో ఎనిమిదో తొమ్మిదో గుంటలు దిట్టంగా వెలిగాయి, మిగతావి నల్లగా ఉన్నాయి.

"ట్యాంకర్లో కొన్ని గుంటలే. ఊటలో మొత్తం పళ్ళెం. రెండూ ఒకేసారి ఆపితే ఊరికి నీళ్ళే ఉండవు, ఎక్కువున్నదాన్ని ముందు ఆపాలి," అంది.

"కానీ డాక్టర్, ఊట బొమ్మ చూడండి. ఎంత పల్చగా ఉందో. ఎంత సమంగా ఉందో. క్రిమి ఇలా ఉండదు. నా డబ్బాలోనే ఏదో..."

"నీ డబ్బా శుద్ధమైన నీళ్ళకి నల్లగా చూపిస్తోందా లేదా?"

"చూపిస్తోంది."

"క్రిమి నీళ్ళకి సరిగ్గా చూపిస్తోందా?"

"చూపిస్తోంది."

"మరి తప్పు డబ్బాదెలా అవుతుంది రొమానా? పల్చగానో చిక్కగానో, వెలిగింది. పిల్లలు పడుకుని ఉన్నారు. పళ్ళెమంతా వెలిగిన నీళ్ళు తాగండని నేను చెప్పలేను."

బొమ్మలన్నీ సర్ది ఆమె చేతికిచ్చాను. ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు, అదే నన్ను కాల్చింది. ఆమె చెడ్డది కాదు, తొందరపాటు మనిషీ కాదు. వెళ్ళే ముందు నా భుజం మీద చెయ్యి వేసి, "డబ్బా బాగా కట్టావు," అంది. ఆ మెచ్చుకోలు కంటే ఒక చెంపదెబ్బ నయం అనిపించింది.

ఆ ఆదివారం గ్రామసభ. బడి ఆవరణలో బెంచీలు వేశారు. డాక్టర్ నిలబడి, ఎవరి పేరూ ఎత్తకుండా, ఊట నీళ్ళు ప్రస్తుతానికి వాడొద్దని చెప్పింది. బొమ్మలు చేతులు మారాయి. ముందు వరసలో దోన్ ఎలాదియో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా," అన్నాడు. "తమ్ముడు క్రిసాంతో మంచోడే. కాదనను. కానీ నీళ్ళు చూసుకోవాల్సినోడు నీళ్ళు చూసుకోవాలి గదా. పలకలు చెక్కుకుంటూ కూర్చుంటే ఎట్టా?"

ఎవరో నవ్వారు. ఎవరో "మేకల్ని ఊట దగ్గరికి వదులుతున్నాడు" అన్నారు. ఎవరో "వాళ్ళ నాన్న కూడా ఇంతే" అన్నారు. ఆ చివరి మాటకి కొందరు క్రిసాంతో వైపు తిరిగి చూశారు. తర్వాత ఊట మూసేసి, అతన్ని నీళ్ళ బాధ్యత నించి తీసేయడానికి చేతులెత్తమన్నారు. చేతులెత్తారు. కొన్ని చేతులు నెమ్మదిగా లేచాయి గానీ, లేచాయి.

క్రిసాంతో మెడలోంచి తాడు తీసి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ఆ డబ్బా మా ఆవిడే కట్టింది," అన్నాడు. "గట్టిగానే కట్టి ఉంటుంది."

అంతే అన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని వెనక వరసకి వెళ్ళి కూర్చున్నాడు. నేను తల ఎత్తలేకపోయాను. నన్ను తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని, ఇద్దరం ఇంటికి వెళ్ళి గిన్నెలు విసురుకుని తెల్లారేసరికి మామూలయ్యేవాళ్ళం.

ఆ తర్వాత అతను కొట్టు వైపు రాలేదు. తోర్తియాలు గుడ్డలో చుట్టి గడప దగ్గర పెట్టి వెళ్ళేవాడు. పార కావాలంటే పక్కింట్లో అడిగి తెచ్చుకునేవాడు. "తలుపు మూయ్" అని అరవాల్సిన పనే లేకుండా పోయింది. ఎండ ఇష్టమొచ్చినట్టు వచ్చి కంకుల మీద పడేది, నేను డబ్బా మీద గోనెపట్టా కప్పి దాని వంక చూడకుండా తిరిగేదాన్ని.

ఊట మూసేశారు. ఊరంతా ట్యాంకర్ల ముందు బక్కెట్లు పట్టుకుని నిలబడింది. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే పడుతూనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం లీచా తలుపు బాదుకుంటూ వచ్చింది. వాళ్ళ చిన్నపిల్ల మాయా చంకలో వాడిపోయిన తీగలా వేలాడుతోంది.

"వదినా, చూడు దీన్ని! పొద్దుట్నించి ఏడుసార్లు. నీ డాక్టరు వద్దంది గదా అని ఊట నీళ్ళు చుక్క ముట్టనివ్వలా. ట్యాంకరు నీళ్ళే పట్టా. ఏం చెప్తావిప్పుడు? చెప్పు!"

"నాకు తెలీదు లీచా."

"మా అన్నని వీధిలో నిలబెట్టినప్పుడు తెలిసింది గదా!"

ఆమె అరుపులకి నాకు కోపం రాలేదు. ఆమె అడిగిందే నేనూ అడగాలి, డబ్బా ముందు కూర్చుని. కానీ ఊట పైపుకి తాళం పడింది, తాళంచెవి ఇంకెవరి మెడలోనో ఉంది.

మే మూడో తారీకు శిలువ పండగ. మా దగ్గర ఆ రోజు మేస్త్రీలు కట్టే ప్రతి గోడ మీదా శిలువ నిలబెట్టి పూలు కడతారు. ఊటలకీ కడతారు. మామూలుగా అయితే ఊరంతా మోలే పులుసు, ఆవిరి మీద ఉడికించిన తమాలెలు పట్టుకుని కొండెక్కుతుంది, బాణసంచా కాలుస్తుంది. ఆ ఏడు ఎవరూ కదల్లేదు. వెలివేసిన నీళ్ళకి పండగేమిటన్నారు. పొద్దున్నే క్రిసాంతో చొక్కా మార్చుకుని, రంగుకాగితాల పూలు కట్టిన శిలువ భుజాన వేసుకుని ఒక్కడే బయల్దేరాడు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగి, అరలోంచి రెండు ఖాళీ సీసాలు తీసుకుని వెనకే వెళ్ళాను. సీసాలెందుకు తీసుకున్నానంటే చెప్పలేను. ఉత్తచేతులతో అతని వెనక నడవడానికి మొహం చెల్లలేదు, అంతే.

అతను తొట్టి పక్కన శిలువ పాతి, చుట్టూ రాళ్ళు పేరుస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఎండకి ఊట సన్నబడి, తొట్టిలో నీళ్ళు కదలకుండా నిలిచి ఉన్నాయి. పలకలు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి. తాళం పైపుకే గానీ తొట్టికి మూత లేదు, ఒక సీసా అందులో ముంచి నింపాను. ఇంకో సీసా ఏం చేయాలో తెలియక, పైకెక్కి, రాతి పగులులోంచి నీళ్ళు కారే చోట పట్టాను. నిండడానికి చాలాసేపు పట్టింది.

"పండగ రోజు కూడా నీళ్ళ మీద నేరం మోపాలా?" అన్నాడు నేను దిగుతుంటే.

నేను సీసాలు చంకన పెట్టుకుని కొండ దిగాను. దారి పొడవునా ఒళ్ళు ఉడికిపోతూనే ఉంది, అతని మీదో, డాక్టర్ మీదో, నా మీదో.

ఇంటికొచ్చి కొట్టు తలుపు మూసి, గోనెపట్టా లాగేశాను. పొడి కలపడానికి, ఒక రోజు ఆగడానికి నా దగ్గర ఓపిక లేదు. వట్టి నీళ్ళే పళ్ళెంలో పోశాను, ఎడమ సగం తొట్టి నీళ్ళు, కుడి సగం రాతి నీళ్ళు. దీపం వేశాను. పొడి లేని నీళ్ళు వెలగవు, వెలగకూడదు. కనీసం ఒక్కసారైనా డబ్బా నోరు మూసుకుని నల్లగా ఉంటుందని ఆశ.

ఎడమ సగం వెలిగింది. కుడి సగం నల్లగా ఉంది.

నేను దీపం ఆర్పాను. మళ్ళీ వేశాను. కంకుల మీద చతికిలబడ్డాను. రాతిలోంచి వచ్చినప్పుడు లేని వెలుగు, తొట్టిలో నాలుగడుగుల దూరంలో వచ్చింది. ఆ నాలుగడుగుల్లో ఉన్నవి క్రిసాంతో పలకలే. క్రిమీ కాదు, వెలుతురు కారడమూ కాదు. అప్పుడు మా అమ్మమ్మ కిటికీ గట్టు మీద పెట్టుకునే గ్లాసు గుర్తొచ్చింది. తీపికర్ర ముక్కలు నానిన నీళ్ళు. ఎదురుగా చూస్తే తేనెరంగు, ఎండ పక్కనించి పడితే అంచున నీలం. చిన్నప్పుడు ఆ నీలం కోసం గ్లాసు తిప్పి తిప్పి చూసి, నీళ్ళు ఒలకబోసి దెబ్బలు తిన్నాను. ఆ రంగుతోనే నెలన్నర కుస్తీ పట్టి, ముఖం చూసి కూడా గుర్తుపట్టలేదు.

డాక్టర్‌కి ఫోన్ చేశాను. తొట్టి నీళ్ళకీ రాతి నీళ్ళకీ ఉన్న తేడా చెప్పాను.

"వెచ్చబెట్టక ముందు ఒక బొమ్మ తీసి ఉండాల్సింది," అంది. "నేను అడగలేదు. ఇక నించి ప్రతి పళ్ళేనికీ తీద్దాం." తర్వాత, "మీ ఆయనతో నేను మాట్లాడనా?" అంది. వద్దన్నాను.

క్రిసాంతో చీకటి పడకముందే వచ్చాడు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను. అతను చెంబు పక్కన పెట్టాడు.

"అంటే నీళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి. నీ పలకలే వెలుగుతున్నాయి."

"నా పలకలు," అన్నాడు.

"అది తప్పు కాదు ముసలోడా. చెక్క గుణం అది. తాగినా ఏం కాదు, ముసలాళ్ళు తాగట్లా?"

"ట్యాంకర్ల నీళ్ళు?"

"అక్కడే ఉంది క్రిమి. ముందే బొమ్మలో ఉంది. నీ ఊటతో పోల్చి తక్కువనుకున్నాం."

అతను లేచి గోడకానించిన గడ్డపార తీసుకున్నాడు. "ఇప్పుడెక్కడికి?" అన్నాను. అప్పటికే వాకిలి దాటాడు. ఆ రోజూ, మర్నాడూ కొండ మీదే ఉన్నాడు. తను కొట్టిన సీలలు తనే ఒక్కొక్కటీ తట్టి తీశాడు, పలక విరక్కుండా. గాడిద మీద వేసి ఇంటికి తెచ్చి గోడవారగా పేర్చాడు. అతని అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. నేను కలబంద గుజ్జు తెస్తే చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆ సంగతి విని ముసలమ్మలు వచ్చి, మూత్రపిండాలకని తలా ఒక పేడు విరుచుకుపోయారు.

"అలాగే పట్టుకెళ్ళండి," అన్నాడు. "నా ఏడాదంతా మీ కడుపుల్లోకి పోతుంది, ఎక్కడో ఒకచోట ఉంటుంది."

అతను నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మూడు రోజులు తొట్టి కడిగి, నీళ్ళు పారబోసి, మళ్ళీ నిండనిచ్చి, అప్పుడు సీసా తెచ్చాం. పొడి కలిపి వెచ్చబెట్టి బొమ్మ తీస్తే మూలలతో సహా నల్లగా వచ్చింది. ఈ ఎండాకాలమంతా నేను ఏ నలుపు కోసం పెనం మసి గీకానో ఆ నలుపు అది. కాగితం మీద ముద్రించుకుని సభకి వెళ్ళాం.

బొమ్మ ముందు వరస నించి వెనక వరసకి చేతులు మారింది. జనం దాన్ని తిప్పి వెనక వైపు కూడా చూశారు.

"ఏమీ లేదేంటే ఇందులో?" అంది ఒకావిడ.

"ఏమీ లేదు. అదే చెప్పడానికొచ్చా," అన్నాను.

దోన్ ఎలాదియో గొంతు సవరించుకున్నాడు. "పోయినసారి వెలిగిందన్నావమ్మా. ఇప్పుడు వెలగలేదంటున్నావ్. మీ డబ్బా పూటకో మాట చెప్తే మేం ఏ మాట నమ్మాలి?"

అతను అడిగింది న్యాయమే. వెనక వరస నించి క్రిసాంతో లేచాడు. మాట్లాడే హక్కు లేదు గనక మాట్లాడలేదు. చంకలోని పలక ముక్క, ఒక గాజుగ్లాసు పట్టుకుని ముందుకొచ్చాడు. ఆ ముక్క రాత్రంతా నానిన నీళ్ళే గ్లాసులో ఉన్నాయి. గ్లాసుని బల్ల అంచున, ఎండ పడే చోట పెట్టి పక్కకి జరిగాడు.

గ్లాసు అంచున నీలం మెరిసింది. ముసలమ్మలు ముందు గొణిగారు, తర్వాత పకపకా నవ్వారు.

"ఓసి దిక్కుమాలినదానా, ఇది మా గ్లాసు రంగే కదే! దీనికోసమా డాక్టర్లని తెచ్చారు?"

నేను అప్పుడు ట్యాంకరు బొమ్మ తీశాను. పొడి కలపకముందు నలుపు, కలిపిన తర్వాత దిట్టమైన చుక్కలు. లీచా మాయాని ఎత్తుకుని లేచి నిలబడింది. ఆమె పక్కన ఇంకో తల్లి నిలబడింది. దోన్ ఎలాదియో బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ట్యాంకులు కడిగిస్తానన్నాడు, ఎప్పుడో చెప్పలేదు. ఎప్పుడని అడిగే గొంతులు మాత్రం ఆ రోజు చాలా లేచాయి.

ఊట తెరవాలని చేతులెత్తారు. ఈసారి చేతులు గబగబా లేచాయి. నేను క్రిసాంతో మెడ వైపు చూశాను. తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెడతారనుకున్నాను.

సభ పెద్ద తల గోక్కున్నాడు. "క్రిసాంతో, తప్పు మాదే. ఒప్పుకుంటున్నాం. కానీ కట్టుబాటుంది కదా నాయనా. మధ్యలో తీసేసిన ఏడాది లెక్కలోకి రాదు. హక్కు కావాలంటే జనవరి నించి మళ్ళీ మొదలుపెట్టాలి, పూర్తి ఏడాది."

నేను బెంచీ మీంచి లేచాను. ఏమనబోయానో నాకే తెలీదు. క్రిసాంతో చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఈ ఒక్కమాటకి నోరు తెరవచ్చా?" అని అడిగాడు సభ పెద్దని. తెరవమన్నాడు.

"చేస్తాను. కానీ ఈసారి తొట్టిలో నేను ఏది వేసినా, ముందు మా ఆవిడ డబ్బాలో పెట్టి చూసే వేస్తా. దానికి ఎవరైనా పలకలు చెక్కుకుంటూ కూర్చున్నాడంటే ఒప్పుకోను."

జనం నవ్వారు. అతను వెళ్ళి మళ్ళీ వెనక వరసలోనే కూర్చున్నాడు.

జూన్ మొదట్లో వానలు పడ్డాయి. లీచా దీపం అడిగింది, కొత్తది కొనిస్తానని బతిమాలుకున్నాను. డబ్బాని కాలేజీకి పంపేసి కొట్టులో కంకులు సర్దుకుందామనుకున్నాను. దాన్ని చూస్తేనే నాకు తలనొప్పి. ఆ ఆదివారం మూత తుడుస్తుంటే క్రిసాంతో వెదురుబుట్ట పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. బుట్టలో లీచా దుకాణం నించి తెచ్చిన చిన్న సీసాలు. ఒక్కో సీసాలో నీళ్ళు, నీళ్ళలో ఒక్కో ముక్క. ఇటుక, పెంకు, సిమెంటు, సున్నం, తాడుపీచు, మూడు నాలుగు రకాల కర్ర.

"ఇవేంటి?"

"తొట్టి మళ్ళీ కట్టాలి కదా. ఏది వెలుగుతుందో, ఏది వెలగదో చెప్పు."

"ఇన్నా? ఇవాళ నా వల్ల కాదు ముసలోడా. విసిగిపోయా దీంతో."

"నాకేం తొందర?" అన్నాడు. "నా ఏడాది ఇంకా మొదలే కాలేదు."

నేను సణుక్కుంటూ మొదటి సీసా తీసుకున్నాను. పళ్ళెంలో పోసి, డబ్బాలో పెట్టి, మీట కోసం తడుముకుంటున్నాను. కంకుల మీద ఎండ చార ఇంకా అలాగే పడి ఉంది. అరవడానికి నోరు తెరిచాను.

వెనకాల తలుపు కిర్రుమంది. లోపలికి వచ్చి తనే మూశాడు, కింది సందులో టోపీ కుక్కాడు, వచ్చి నా పక్కన కంకుల మీద కూర్చున్నాడు.

"ఊఁ, వెయ్యి దీపం," అన్నాడు చీకట్లో.